ఫ్లష్ ట్యాంకు నీటి కనెక్షన్లు: అపోహలు - వాస్తవాలు

గోడ నుంచి ఫ్లష్ ట్యాంకు దాకా చూసుకోవాల్సిన జాయింట్లు మూడు: గోడలోకి యాంగిల్ కాక్ (నీళ్లు కట్టేసే చిన్న కుళాయి) దిగే చోటు, కనెక్షన్ పైపు కింది నట్టు, ట్యాంకు అడుగున పై నట్టు.

అపోహ: నేల పొడిగా ఉంది కాబట్టి అన్నీ బిగువుగానే ఉన్నాయి.

వాస్తవం: సన్నగా చెమర్చే నీళ్లు నేలకు చేరకముందే ఆరిపోతాయి. తిరుపతి, చిత్తూరుల్లో బోరు నీళ్లు వాడే ఇండ్లలోనైతే నట్టు అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. అది కనిపిస్తే ఆ జాయింటును నమ్మకండి. చూసే వేళ కూడా ముఖ్యం. ట్యాంకు నిండుతున్నంతసేపు పైపులో ప్రెషర్ తక్కువ. నిండి, బాల్ వాల్వు (ట్యాంకు నిండగానే నీళ్లను ఆపేది) మూసుకున్నాకే పూర్తి ప్రెషర్ జాయింట్ల మీద పడుతుంది. మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో. అందుకే ఫ్లష్ చేసి, నిండేదాకా ఆగి, మూడు జాయింట్లనూ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికి న్యూస్‌పేపరు ముక్క చుట్టి 10 నిమిషాలు వదిలేయండి. తర్వాత పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. పై నట్టు దగ్గర కారిన నీళ్లు పైపు వెంట జారి కింది నట్టు దగ్గర చుక్క కడతాయి. చాలామంది బాగున్న నట్టును విప్పేది ఇక్కడే.

అపోహ: కారుతుంటే ఇంకా గట్టిగా బిగించాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం దీనివల్లే. నట్టు లోపల నీళ్లను ఆపేది రబ్బరు వాషరు. అది గట్టిపడినా, పక్కకు నలిగినా ఎంత బిగించినా లాభం లేదు. ట్యాంకు కింద ఉండే మర చాలావరకు ప్లాస్టిక్‌ది. రెంచితో బలంగా తిప్పితే సన్నని బీట పడుతుంది. ఆ రోజు ఏమీ కాదు, కొన్నాళ్లకు ఇంట్లో ఎవరూ లేనప్పుడు విరిగి మిద్దె మీది ట్యాంకంతా ఖాళీ అవుతుంది. ముందు యాంగిల్ కాక్ కట్టేయండి. ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. నట్టు విప్పి, వాషరు మార్చి, చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన పావు చుట్టు చాలు. బిగించేటప్పుడు ట్యాంకు లోపలి బాల్ వాల్వును రెండో చేత్తో పట్టుకోండి. లేకపోతే అదీ తిరిగి, బాల్ ట్యాంకు గోడకు రాసుకుని, నీళ్లు ఆగకుండా వస్తాయి.

అపోహ: ప్రతి జాయింటుకూ టెఫ్లాన్ టేపు చుట్టాలి.

వాస్తవం: వాషరున్న నట్టుకు టేపు అక్కర్లేదు. గోడలోకి దిగే యాంగిల్ కాక్ మరకు మాత్రం తప్పనిసరి. మర కొస మీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కుగా, బిగువుగా 10 నుంచి 15 చుట్లు. బిగించాక కాక్ మూతి నేరుగా రాలేదని వెనక్కి తిప్పకూడదు, టేపు వదులైపోతుంది. విప్పి, కొత్త టేపు వేయాల్సిందే.

అపోహ: చుక్కే కదా, చూద్దాంలే.

వాస్తవం: సెకనుకు ఒక చుక్క, 20 చుక్కలకు 1 మిల్లీలీటరు వేసుకున్నా రోజుకు 4 లీటర్ల పైనే.

హెల్త్ ఫాసెట్ (టాయిలెట్ పక్కన ఉండే చేతి స్ప్రే) పైపునూ ఇలాగే చూడండి. దాని యాంగిల్ కాక్ ఎప్పుడూ తెరిచే ఉంటే పైపు మీద పగలూ రాత్రీ ప్రెషర్ ఉంటుంది. వాడాక కాక్ కట్టేయడం మంచిది. కాక్‌లను నెలకోసారి పూర్తిగా కట్టి తెరవండి. బోరు నీళ్ల సున్నం పట్టి బిగుసుకుపోయిన కాక్, పైపు తెగిన రోజు తిరగదు.