రైజ్ అయిందా, రేజ్ చేశారా?

ఒడిశా కొండల్లో గట్టి వాన పడితే హిరమండలం దగ్గర వంశధార నీరు పెరుగుతుంది. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ఇంగ్లిష్‌లో నీటికి రైజ్, గేట్లకు రేజ్. నీరు తనంతట తాను పెరుగుతుంది, గేటును మాత్రం ఎవరో ఒకరు ఎత్తాలి. మునుగు–ముంచు, కాలు–కాల్చు అంటూ రోజూ ఇలాంటి జంటలు వాడే మనకు ఇది కొత్తేమీ కాదు. అయినా తడబడతాం.

స్పెల్లింగు కొంత కారణం. రేజ్‌లో ‘ఏ’ పక్కన ‘ఐ’ కనబడగానే మన కంటికి అది ‘రై’ అయిపోతుంది. అంతకన్నా పెద్ద కారణం మన వాడుకలోనే ఉంది. ఇంగ్లిష్ క్రియకు మనం ‘అవు’ గానీ ‘చేయు’ గానీ తగిలిస్తాం: ‘టెంపరేచర్ రైజ్ అయింది’, ‘డౌట్ రైజ్ చేశాడు’. తేడా మొత్తం ఆ తోకే మోస్తుంది. పూర్తి ఇంగ్లిష్ వాక్యంలో తోక ఉండదు గనక ‘దే రోజ్ ద గేట్స్’ అనేస్తాం. అది తప్పు, ‘రేజ్డ్’ అనాలి.

‘దేన్ని?’ అని అడిగి చూడండి. జవాబొస్తే రేజ్. వాక్యంలో ‘ను’ కోసం వెతికితే మోసపోతాం, ‘గేట్లు ఎత్తారు’లో అది లేదుగా! ‘నీరు 3 అడుగులు పెరిగింది’లో 3 అడుగులు ‘ఎంత’కు జవాబు, ‘దేన్ని’కి కాదు. కాబట్టి అక్కడ రైజే. ‘గేట్లు ఎత్తబడ్డాయి’ అన్నా ఎత్తినవాళ్లు వేరే ఉన్నారు గనక రేజే.

రూపాలు: రైజ్–రోజ్–రిజన్, రేజ్–రేజ్డ్–రేజ్డ్. ‘రైజ్డ్’ అనే మాటే లేదు. జీతం పెంపు దగ్గర మాత్రం గొడవ మనది కాదు: బ్రిటన్‌లో దాన్ని రైజ్ అంటారు, అమెరికాలో రేజ్.

రేజ్ స్కాండినేవియా నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట. రైజ్‌కు ఇంగ్లిష్ సొంత జోడీ రేర్, ఇప్పుడు కోళ్లనూ పశువులనూ పెంచడానికి వాడేది.

ఇదే కుటుంబంలో లై, లే మరీ చిక్కు. అంటే పడుకోవడం, పడుకోబెట్టడం; మన సిక్కోలు (శ్రీకాకుళం) మాటలో తొంగోడం, తొంగోబెట్టడం. లై–లే–లెయిన్, లే–లెయిడ్–లెయిడ్. మొదటిదాని భూతకాలమే రెండోదాని వర్తమానం! పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లూ ఇక్కడ బోల్తాపడతారు. ‘పాప తొంగుంది’కి లే, ‘పాపను తొంగోబెట్టింది’కి లెయిడ్. అబద్ధమాడే లై వేరే క్రియ, దాని భూతకాలం లైడ్.