కొంగు ముడి, గుమ్మం పక్కన చీటీ

మా అమ్మమ్మకు చదువు రాదు. సాయంత్రం ఎవరికైనా డబ్బులివ్వాలన్నా, మర్నాడు దూడకు మందు తేవాలన్నా చీర కొంగు చివర చిన్న ముడి వేసుకునేది. ఏ పనిలో ఉన్నా చెయ్యి తుడుచుకోవడానికి కొంగు అందుకుంటే ఆ ముడి వేళ్లకు తగిలేది. చేయాల్సింది ఏమిటో ముడి చెప్పదు, ఏదో ఉందని మాత్రం గుర్తుచేస్తుంది. ఆమెకు అంత చాలు. పని అయ్యాకే ముడి విప్పేది.

మనం ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీశామో మరిచిపోతాం. కరెంటు బిల్లు కడదామని ఫోన్ అందుకుంటాం, ఈలోగా ఏదో మెసేజ్ వస్తుంది, అరగంట తర్వాత బిల్లు కట్టకుండానే ఫోన్ పక్కన పెడతాం. పిల్లాడు కష్టపడి హోంవర్క్ చేసి, ఆ పుస్తకాన్ని మంచం మీద వదిలేసి స్కూలుకు వెళ్లిపోతాడు. వీటికి మన ఇళ్లలో మతిమరుపు అనో, బద్ధకం అనో, నిర్లక్ష్యం అనో పేరు పెడతాం. కానీ ఈ మూడు చోట్లా తడబడింది ఒకే సామర్థ్యం. అనుకున్న పనిని మనసులో నిలుపుకుని, అడ్డొచ్చినవాటిని పక్కకు నెట్టి, చివరిదాకా నడిపించే సామర్థ్యం అది. మనస్తత్వ శాస్త్రంలో దాన్ని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం దీనికి ముఖ్యమైన ఆధారం. మెదడులో బాగా ఆలస్యంగా, దాదాపు 25 ఏళ్లు వచ్చేదాకా పరిణతి చెందుతూ ఉండే భాగం అది.

ఇందులో మూడు విషయాలు కలగలిసి ఉంటాయని పరిశోధకులు చెబుతారు. పనికి కావలసిన వివరాలను కాసేపు మనసులో పట్టి ఉంచడం ఒకటి. మొదట తోచినదాన్ని ఆపుకోవడం రెండోది. పరిస్థితి మారితే దారి మార్చుకోవడం మూడోది. ఈ మూడింటినీ ఒకే వేదిక మీద చూడాలంటే తెలుగువాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఒక అష్టావధానానికి వెళ్లి కూర్చుంటే చాలు.

పద్యాలు అల్లే అవధాని చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటిని పొదిగి పద్యం చెప్పమంటారు. ఇంకొకరు వర్ణన అడుగుతారు. అవధాని ఒకరికి ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడే ఆపి, పక్కవారి దగ్గరికి వెళ్లిపోతారు. మళ్లీ తిరిగి వచ్చి రెండో పాదం అందుకుంటారు. చివర్లో ధారణ సమయంలో ఆ పద్యాలన్నీ మొదటి నుంచి అప్పజెప్పాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్నలతో దాడి చేస్తూనే ఉంటారు. కొన్ని సభల్లో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క పెట్టుకోవాలి.

వీటన్నిటిలో నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టేది నిషిద్ధాక్షరి. అవధాని ‘శ్రీ’ అన్నారనుకోండి. తర్వాత ‘రా’ వస్తుందని పృచ్ఛకుడు ఊహించి ఆ అక్షరం వాడకూడదంటారు. నాలుక చివరిదాకా వచ్చిన ‘రామ’ను అక్కడే మింగేసి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా ఇంకో మాట వెతుక్కోవాలి. అది దొరికీ దొరకకముందే దాని మీద ఇంకో నిషేధం. ప్రయోగశాలల్లో ‘ఎరుపు’ అనే మాటను నీలం సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమనే ప్రసిద్ధ పరీక్ష ఒకటుంది. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. అలవాటుగా వచ్చే జవాబును ఆపుకోగలమా లేదా అన్నదే అందులో పరీక్ష. నిషిద్ధాక్షరిలో ఆ పరీక్ష అక్షరం అక్షరానికీ ఎదురవుతుంది.

మరి అవధానం నేర్చుకున్న వాళ్ల ‘మనసు సంచి’ మనందరిదానికన్నా పెద్దదా? ఈ ప్రశ్నకు దగ్గరలో నిలిచే ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి, వరుసగా చదివి వినిపించిన అంకెలను తిరిగి చెప్పడం సాధన చేశాడు. మొదట్లో ఏడు అంకెలు చెప్పగలిగేవాడు. 200 గంటలకు పైగా సాధన తర్వాత 80కి దగ్గరగా చెప్పాడు. 1980లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అతను పరుగు పందేల మనిషి. 3, 4, 9, 2 అని వినగానే దాన్ని 3 నిమిషాల 49.2 సెకన్ల మైలు పరుగు సమయంగా మార్చుకుని గుర్తుపెట్టుకునేవాడు. అయితే అంకెల బదులు అక్షరాలు చదివి వినిపించినప్పుడు, మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు.

నాకు ఈ ‘ఆరు’ చాలా విలువైనది. అతని సంచి పెరగలేదు. అంకెలను సర్దుకోవడానికి అరలు మాత్రం తయారయ్యాయి. అవధానికి ఆ అరలు ఛందస్సు ఇస్తుందని నాకనిపిస్తుంది. గణాలు, యతి, ప్రాస తెలిసినవారికి పద్యపాదం విడివిడి అక్షరాల గుట్టగా కనిపించదు. ఒక్క ముక్కగా కుదురుకుంటుంది. పైగా ఏళ్ల తరబడి చదువుకున్న వేల పద్యాల దన్ను ఉంటుంది. అంత గొప్ప ధారణ ఉన్న మనిషి కూడా ఇంటి తాళాలు ఎక్కడ పెట్టారో వెతుక్కోవచ్చు. అందులో వింతేమీ లేదు.

మెదడుకు పదును పెడతామని చెప్పే ఫోన్ ఆటల విషయంలోనూ ఇదే తేలింది. బ్రిటన్‌లో 11,430 మంది పాల్గొన్న ఒక పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. వాళ్లలో చాలామంది ఆరు వారాలపాటు కంప్యూటర్ మీద అలాంటి ఆటలు ఆడారు. ఆడిన ఆటల్లో మెరుగుపడ్డారు. ఆడని వాటిలో, ఆడినవాటిని పోలి ఉన్నవాటిలో కూడా, చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పిల్లల ఏకాగ్రత పెరుగుతుందని అలాంటి యాప్‌కు డబ్బు కట్టే ముందు అమ్మానాన్నలు ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

అందుకే రోజువారీ జీవితంలో ఏ పనికా పనికి అరలు కట్టుకోవాలి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చూపించిన మార్గం చాలా తేలిక. ‘రోజూ బీపీ మాత్ర వేసుకోవాలి’ అనుకుంటే సరిపోదు. ‘పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే మాత్ర వేసుకుంటాను’ అని చోటూ సమయమూ ముడిపెట్టి అనుకోవాలి. అప్పుడు గుర్తుచేసే పని కాఫీ గ్లాసు తీసుకుంటుంది. ఇలాంటి 94 అధ్యయనాలను 2006లో కలిపి చూస్తే, వట్టిగా అనుకున్నవాళ్లకన్నా ఇలా ముడిపెట్టుకున్నవాళ్లు అనుకున్నది చేసే అవకాశం బాగా ఎక్కువని తేలింది. మా అమ్మమ్మ కొంగుకు వేసిన ముడినే వీళ్లు గ్లాసుకు వేశారు.

ఈ ముడుల అవసరం చదువు లేనివాళ్లకే అనుకోవద్దు. 1935 అక్టోబరులో అమెరికాలో ఒక కొత్త బోయింగ్ యుద్ధ విమానం పరీక్షలో గాలిలోకి లేచి వెంటనే కూలిపోయింది. తోక భాగాన్ని గాలికి ఊగకుండా పట్టి ఉంచే తాళాన్ని తీయడం మరిచిపోయారు. నడిపింది ఎంతో అనుభవం ఉన్న పైలట్లు. ఆ తర్వాతే పైలట్ల చేతికి చెక్‌లిస్టు వచ్చింది. ఆపరేషన్ థియేటర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల చెక్‌లిస్టు తయారుచేసి, ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూసింది. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మనిషి సరైనవాడేనా, ఆపరేషన్ చేయాల్సిన చోటు ఇదేనా లాంటి ప్రశ్నలే ఆ కాగితంలో ఉంటాయి. సర్జన్లకే కాగితం కావాల్సి వచ్చినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లను గుర్తులేదని తిట్టడం ఏం న్యాయం?

నేనూ తిట్టాను. రోజూ పొద్దున ‘‘అన్నీ పెట్టుకున్నావా?’’ అని అడిగేదాన్ని. ‘‘ఆఁ, పెట్టుకున్నా’’ అనేది మా అమ్మాయి. తీరా చూస్తే నీళ్ల సీసా డైనింగ్ టేబుల్ మీదే ఉండేది. ‘అన్నీ’ అంటే ఏమేమిటో దానికి ఆ క్షణంలో ఒక్కొక్కటీ తోచాలి కదా! అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ‘బుద్ధిగా ఉండు’, ‘శ్రద్ధగా చదువు’ కూడా ఇలాంటి మాటలే. ముందు ఏం చేయాలో, తర్వాత ఏం చేయాలో వాటిలో లేదు.

పిల్లలు ఆపుకోలేకపోవడం వెనక ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. ముందుగా, మంచి రంగుల పెన్సిళ్లు తెస్తామని చెప్పి, కొందరికి తెచ్చిచ్చారు. మిగతావారికి వట్టి చేతులతో వచ్చి క్షమాపణ చెప్పారు. ఆ తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు మూడు నిమిషాలే. ‘ఆదివారం పార్కుకు తీసుకెళతా’ అని చెప్పి మరిచిపోయినప్పుడల్లా నాకు ఆ పన్నెండూ మూడూ గుర్తొస్తాయి.

పెద్దవాళ్ల సామర్థ్యం కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. తమిళనాడులో 54 ఊళ్లలోని 464 మంది చెరకు రైతులను పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్షించారు. డబ్బు వచ్చాక, అదే రైతు తర్కం పరీక్షలోనూ, తొందరపాటును ఆపుకునే పరీక్షలోనూ మెరుగ్గా చేశాడు. ఇది అన్ని చోట్లా ఇంతే బలంగా కనిపిస్తుందా అన్న చర్చ పరిశోధకుల్లో నడుస్తోంది. అయినా అప్పుల టెన్షన్లో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. నిద్ర లేకపోయినా ఇంతే. పసిబిడ్డ తల్లిని అడగండి.

అందుకని మా ఇంట్లో స్కూలు బ్యాగు సర్దడం పొద్దుటి నుంచి రాత్రి భోజనానికి ముందుకు మార్చాం. గుమ్మం పక్కన మేకుకు ఒక చీటీ తగిలించాం. డైరీ, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఐడీ కార్డు. మొదట నేను చదివితే తను పెట్టుకునేది. తర్వాత తనే చదువుకుంది. ఈమధ్య చీటీ వైపు చూడకుండానే వేళ్లు మడుచుకుంటూ పెట్టుకుంటోంది. వచ్చే జూన్‌లో ఆరో తరగతి. టైమ్‌టేబుల్ మారుతుంది, ల్యాబ్ పుస్తకం కూడా చేరుతుంది. కొత్త చీటీ తనే రాస్తుందట.