"అన్నా, ఆ ఊరు మంచిదేనా?": బ్రిటన్ ఊళ్ల మీద అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఇళ్లు అద్దెకి ఇప్పించే పనిలో ఉన్నాను. జేబులో తాళాల గుత్తి, చేతిలో గొడుగు, రోజుకి ఐదారు వ్యూయింగ్‌లు. హీటింగ్ గ్యాసా కరెంటా, బస్‌స్టాప్ ఎంత దూరం అని అడిగే మనవాళ్లు అరుదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఆ ఊరు మంచిదేనా?"

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, మళ్లీ అదే ఫోన్. వాల్సాల్‌లో ఉద్యోగం వచ్చిన అమ్మాయి. "ఇల్లు మాత్రం వాల్సాల్‌లో వద్దన్నా, యూకేలోనే వరస్ట్ టౌన్ అంట." ఎవరు చెప్పారమ్మా అంటే వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. ఎడమ వైపు పది చెత్త ఊళ్లు, కుడి వైపు పది మంచి ఊళ్లు. ఆ బొమ్మ నాకు పాత చుట్టమే. లూటన్, స్లౌ, హల్, బ్రాడ్‌ఫర్డ్, వాల్సాల్ ఎప్పుడూ ఎడమ పక్కనే. బాత్, యార్క్, సోలిహల్ ఎప్పుడూ కుడి పక్కనే. తయారు చేసినవాడు వాటిలో ఎన్ని ఊళ్లు తొక్కాడో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే ఇది రాస్తున్నాను. ఒక అపోహ మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనవాళ్ల జేబుకి చిల్లు పెడుతున్నది అదొక్కటే.

అపోహ: మంచి ఊరంటే ఊరంతా మంచిది, చెడ్డ ఊరంటే ఊరంతా చెడ్డది

సోలిహల్ మంచి ఊరని అందరూ అంటారు. నిజమే, సెంటర్ బాగుంటుంది, స్కూళ్లకి పేరుంది, అద్దెలూ ఆ పేరుకి తగ్గట్టే ఉంటాయి. కానీ అదే సోలిహల్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) కింద ఉత్తరాన చెమ్స్‌లీ వుడ్ ఉంది. ఇంగ్లండ్‌లో బాగా వెనకబడిన పేటల్లో దానికీ చోటుంది. ఇక వాల్సాల్ కౌన్సిల్ కింద స్ట్రీట్‌లీ, ఆల్డ్రిడ్జ్ ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనాలంటే డాక్టర్లు కూడా ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంటారు. అడ్రస్‌లో రాసే ఊరి పేరు కౌన్సిల్ గీసిన గీత. మీరు బతికేది ఒక వీధిలో.

మూడేళ్ల కిందట ఒక జంట వచ్చారు, ఖమ్మం వైపు వాళ్లు. అమ్మాయి నర్సు, వాల్సాల్‌లోనే ఆస్పత్రి. అబ్బాయికి ఎం6 జంక్షన్ 10 దగ్గర వేర్‌హౌస్‌లో పని. అదీ వాల్సాలే. ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో రెండు పడకగదుల టెర్రస్ ఇల్లు (పక్క ఇళ్లతో గోడలు కలిసి వరసగా ఉండేది) చూపించాను. వెనక చిన్న పెరడు, గ్యాస్ బాయిలర్, పక్కింట్లో నలభై ఏళ్లుగా ఉంటున్న పంజాబీ పెద్దావిడ. అమ్మాయికి నచ్చింది. ఈలోపు అబ్బాయి ఫోన్‌లో ఎవరో బావగారు: "వాల్సాలా? బుద్ధుందా? సోలిహల్‌లో తీసుకో, సేఫ్."

తీసుకున్నారు. ఇంకో ఏజెన్సీ ద్వారా, పన్నెండు నెలల అగ్రిమెంట్, మధ్యలో బయటపడే వీలు లేకుండా. అద్దె నేను చూపించిన ఇంటికన్నా నెలకి 400 పౌండ్లు ఎక్కువ.

మ్యాప్‌లో చూస్తే సోలిహల్ నుంచి వాల్సాల్ ఎంతో దూరం అనిపించదు. కానీ బర్మింగ్‌హామ్‌లో రైలు మారాలి. సోలిహల్ రైలు ఆగేది మూర్ స్ట్రీట్ స్టేషన్‌లో. వాల్సాల్ రైలు బయలుదేరేది న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి. మధ్యలో పది నిమిషాల నడక, జనవరిలో చీకట్లో, కాలి కింద మంచు జారుతుంటే. పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్ కాబట్టి ఆ పిల్ల ఐదింటికి లేచేది. ఆదివారం షిఫ్ట్ పడితే, రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి, ట్యాక్సీయే గతి.

ఏడాది అయ్యాక మళ్లీ నా దగ్గరికే వచ్చారు. సామాను ఎంతుందో చూద్దామని ఆ ఫ్లాట్‌కి వెళ్లాను. అలవాటు కొద్దీ పడకగదిలో బీరువాని గోడ నుంచి జరిపాను. వెనకంతా నల్లటి బూజు, అరచేతి మందాన గోడ చెమ్మ పట్టి ఉబ్బిపోయింది. బీరువాలో అమ్మాయి పెళ్లి పట్టుచీర ఉంది, అంచు దగ్గర చుక్కలు చుక్కలుగా మరకలు. "మంచి ఏరియా కదా అని వెనక చూడలేదన్నా" అంది. అబ్బాయి కరెంటు బిల్లు కవరు వెనక లెక్క వేశాడు: అద్దెలో తేడా, ఇద్దరి రైలు పాసులు, నెలకి నాలుగు ట్యాక్సీలు. తొమ్మిది వేల పౌండ్లు దాటింది. మన డబ్బులో తొమ్మిది లక్షల పైమాటే. పెన్ను కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. బావగారి ప్రస్తావన కూడా తేలేదు.

(ఇప్పుడు చట్టం మారింది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి ఫిక్స్‌డ్ టర్మ్ అగ్రిమెంట్లు పోయాయి, రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. పెద్ద పెద్ద స్టూడెంట్ అకామడేషన్ భవనాల సంగతి వేరు.)

ఈ లిస్టులు ఎంత నిలకడ లేనివో చెప్తాను. 2003లో ఇంగ్లిష్‌వాళ్లే సరదాగా చెత్త ఊళ్ల పుస్తకం ఒకటి వేశారు. మొదటి స్థానం హల్‌కి. మరుసటి ఏడాది రెండో భాగంలో లూటన్‌కి. 2013లో మళ్లీ వేస్తే ఆ కిరీటం ఎవరికి పెట్టారనుకున్నారు? లండన్‌కి. ఆ హలే 2017లో యూకే సాంస్కృతిక నగరం అయింది. 2025లో ఆ వంతు బ్రాడ్‌ఫర్డ్‌ది. ఇక్కడివాళ్లకి పక్క ఊరిని తిట్టుకోవడం కాలక్షేపం, మనకి గుంటూరు, విజయవాడ మధ్య ఉండేలాంటిదే. వాళ్ల జోకు పట్టుకుని మనం అగ్రిమెంట్ల మీద సంతకాలు పెడుతున్నాం.

"క్రైమ్ రేట్ చూశానన్నా, భయంకరంగా ఉంది"

చూడటం మంచిదే. పోలీసుల వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వీధుల వారీగా నెలనెలా లెక్క కనిపిస్తుంది. కానీ చదవడం తెలియాలి. షాపులు, పబ్బులు, రైల్వే స్టేషన్ ఉన్న చోట చుక్కలు గుట్టగా ఉంటాయి. సగం షాపుల్లో దొంగతనాలు, శనివారం రాత్రి తాగి కొట్టుకున్న కేసులు. అక్కడ నివాసం ఉండేవాళ్లు తక్కువ, వచ్చిపోయేవాళ్లు లక్షలు. తలసరి లెక్క కడితే లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ కూడా భయంకరంగానే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది మీ వీధి, బస్సు దిగి ఇంటికి నడిచే దారి. ఇళ్లలో దొంగతనాలు, కార్ల దొంగతనాలు ఎన్నున్నాయో విడిగా చూడండి.

ఆ తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఆ వీధిలో నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, చెత్త డబ్బాలు పొంగుతున్నాయా, ఒక్క తలుపుకి ఎన్ని బెల్లులున్నాయి. ఇంట్లోకి వెళ్తే బీరువా జరపండి. ఓనరు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి, నేనే పక్కనుండి జరిపిస్తాను. ఆదివారం బస్సు టైమ్‌టేబుల్ చూడండి. ఈపీసీ రేటింగ్ (ఇల్లు కరెంటు, గ్యాస్ ఎంత తింటుందో చెప్పే గ్రేడు) అడగండి. ఐదుగురు, అంతకుమించి వేర్వేరు కుటుంబాలవాళ్లు కలిసి ఉండే ఇల్లయితే ఇంగ్లండ్‌లో హెచ్ఎంఓ లైసెన్స్ తప్పనిసరి, అదీ అడగండి. ఇద్దరు పెద్దవాళ్లు పడుకునే గది ఆ లైసెన్స్ ఇళ్లలో కనీసం 10.22 చదరపు మీటర్లుండాలి. ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో నాలుగు పరుపులేసి "లండన్‌లో సేఫ్ ఏరియా" అని అద్దెకిచ్చినవాడిని చూశాను. మనవాడే.

"మంచి ఏరియాలో ఇళ్లు వెంటనే పోతాయి, ముందే డబ్బులు పంపెయ్యాలి"

ఈ భయం మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. ఇంగ్లండ్‌లో హోల్డింగ్ డిపాజిట్ (ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి కట్టేది) ఒక వారం అద్దెకి మించి అడగకూడదు. సెక్యూరిటీ డిపాజిట్, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఇళ్లకి, ఐదు వారాల అద్దె దాటకూడదు. అది కట్టిన 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో పెట్టి మీకు వివరాలివ్వాలి. స్కాట్లాండ్ చట్టం వేరు, అక్కడ డిపాజిట్ రెండు నెలల అద్దె దాకా ఉండొచ్చు. ఇల్లు చూడకుండా, తెలియని అకౌంట్‌కి, "ఇంకో ముగ్గురు లైన్లో ఉన్నారు" అన్న మాట విని పంపొద్దు. నన్నడిగితే మొదటి నెల తెలిసినవాళ్లింట్లోనో హాస్టల్లోనో సర్దుకుని, కాళ్లతో తిరిగి చూసుకున్నవాళ్లే బాగుపడ్డారు.

"బర్మింగ్‌హామ్ దివాలా తీసింది, వీధుల నిండా ఎలుకలంట"

దివాలా తీసింది ఊరు కాదు, కౌన్సిల్. 2023 సెప్టెంబరులో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే తప్పనిసరివి తప్ప కొత్త ఖర్చులు ఆపేయడం. మీ మీద పడే దెబ్బ కౌన్సిల్ ట్యాక్స్ రూపంలో: 2024లో 9.99 శాతం, 2025లో 7.49 శాతం పెరిగింది. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉండే ఇంటికి అదీ లేదు. ఇక 2025 మార్చిలో పూర్తి స్థాయికి చేరిన చెత్త బండ్ల సమ్మె మాత్రం నిజం, ఎలుకలూ నిజమే. మా వీధి చివర నల్ల సంచుల గుట్ట పక్క నుంచి ముక్కు మూసుకునే వెళ్లాను. అయినా ఆఫీసులు, ఆస్పత్రులు, యూనివర్సిటీలు నడుస్తూనే ఉన్నాయి.

2024 ఆగస్టు

దీని మీద మాత్రం ఎవరినీ విసుక్కోను. సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల మీద కత్తిదాడి జరిగాక, వలస వచ్చినవాళ్ల మీద అల్లర్లు సండర్లాండ్, రాదర్‌హామ్, మిడిల్స్‌బ్రో దాకా పాకినప్పుడు ఇంటి దగ్గర అమ్మానాన్నలు నిద్రపోలేదు. నాకు రాత్రి రెండింటికి కరీంనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది: "బాబూ, మావాడు ఫోన్ ఎత్తుతలేడు, నువ్వు ఒక్కసారి ఇంటికి పోయి చూస్తవా?" వెళ్లాను. వాడు నైట్ షిఫ్ట్‌కి పోయి ఫోన్ లాకర్లో పెట్టాడు. ఆ వారం నేనూ సాయంత్రం వ్యూయింగ్‌లు పెట్టుకోలేదు. భయం భయమే.

కానీ ఒకటి చూశాను. ఆగస్టు 7న ఫలానా ఊళ్లలో, ఫలానా వీధుల్లో దాడులు జరుగుతాయని పెద్ద లిస్టు తిరిగింది. షాపులు చెక్కలు కొట్టుకుని మూసేశారు. ఆ రాత్రి చాలా చోట్ల వీధుల్లోకి వచ్చింది అల్లర్లకి వ్యతిరేకంగా నిలబడ్డ వేలమంది. వాల్థమ్‌స్టోలో, బ్రైటన్‌లో, ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో కూడా.

మిగతావి గబగబా

"వార్విక్ యూనివర్సిటీ వార్విక్‌లో ఉంటుంది." ఉండదు. కొవెంట్రీ అంచున ఉంటుంది. రెండు సూట్‌కేసులతో వార్విక్ కోట దగ్గర దిగి నాకు లొకేషన్ పంపిన కుర్రాడు ఇప్పటికీ ఎదురుపడితే సిగ్గుపడతాడు. ఎసెక్స్ యూనివర్సిటీ మెయిన్ క్యాంపస్ కోల్చెస్టర్‌లో, హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ హ్యాట్‌ఫీల్డ్‌లో. ఊళ్లో ఉన్న కొన్ని యూనివర్సిటీలకి లండన్‌లో బ్రాంచి క్యాంపస్ ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో క్యాంపస్ అడ్రస్ చదివాకే గది వెతకండి.

"మాంచెస్టర్‌లో ఎప్పుడూ వానే." ఏడాది మొత్తం లెక్కలో హైదరాబాద్‌కి అటూ ఇటూ అంతే, 800 మిల్లీమీటర్ల చుట్టూ. మనకి నాలుగు నెలల్లో కుమ్మరిస్తుంది, వాళ్లకి ఏడాదంతా తుంపర. కార్డిఫ్, గ్లాస్గోలో ఇంకా ఎక్కువ.

"సిటీ అంటే పెద్దది, టౌన్ అంటే చిన్నది." రాజుగారిచ్చే హోదా అది. రెడింగ్ ఇప్పటికీ టౌనే. వేల్స్‌లో సెయింట్ డేవిడ్స్ జనాభా రెండు వేలు కూడా లేదు, అది సిటీ.

"మనవాళ్లు లేని చోట ఉండలేం." ఎవరూ లేని చోటికే ఎవరో ఒకరు ముందు వెళ్తారు. 1972లో నియంత ఇదీ అమీన్ యుగాండా నుంచి ఆసియావాళ్లని వెళ్లగొట్టినప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పత్రికలో ప్రకటన వేయించింది, మా ఊరికి రావద్దని. వేలమంది అక్కడికే వచ్చారు. ఇప్పుడు బెల్‌గ్రేవ్ రోడ్డు దీపావళి చూడటానికి దేశం నలుమూలల నుంచి వస్తారు. మన బాలాజీ గుడి సంగతే చూడండి. 2006లో టివిడేల్‌లో ప్రతిష్ఠ చేశారు. బాత్‌లో కాదు, యార్క్‌లో కాదు, ఆ లిస్టుల్లో ఎడమ వైపు ఉండే బ్లాక్ కంట్రీలో (బర్మింగ్‌హామ్ పక్కన, వాల్సాల్ కూడా ఉండే ప్రాంతం). శనివారం పార్కింగ్ దొరకదు.

ఆ జంట ఇప్పుడు వాల్సాల్‌లోనే ఉన్నారు. నేను మొదట చూపించిన ఇల్లు అప్పటికే పోయింది, రెండు వీధుల అవతల దొరికింది. అమ్మాయి డ్యూటీకి నడిచే వెళ్తుంది. పోయిన నెల వాళ్ల అత్తగారు ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో నాతో మాట్లాడింది.

"బాబూ, మా పిల్లలుండే ఊరి పేరు నాకు నోరు తిరగట్లేదు. పక్కింటోళ్లు అడిగితే లండన్ అనే చెప్తన్నా. తప్పా?"

"అట్లనే చెప్పండమ్మా" అన్నాను.