ఉల్లిపాయలు తరిగే పాకిస్తానాయన, వెనకాల నూట యాభై ఏళ్ళ కెమెరా కథ

మా అక్కవాళ్ళది తిరుపతి. వాళ్ళబ్బాయి రెండేళ్ళుగా దుబాయ్‌లో ఏసీ మెకానిక్. అక్కడ డేరా అనే పేటలో ఒకే గదిలో ఆరుగురు, ఒకదాని మీద ఒకటి మంచాలు. వెళ్ళిన వారానికే ఫోన్లో మాట వరసకి "నా పైమంచం ఆయనది పాకిస్తాన్ మా" అన్నాడు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. బావేమో "రూము మారిపోరా, బాడుగ ఎక్కువైతే నేను పంపిస్తాలే" అన్నాడు, నెలాఖరుకు తనకే కటకటగా ఉంటుందని తెలిసి కూడా. వాడు ఎదురు చెప్పలేదు. రెండు రోజులాగి ఒక ఫోటో పంపాడు. బనీను వేసుకున్న యాభై ఏళ్ళాయన గచ్చు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, మోకాలి పక్కనే మా అక్క కట్టిచ్చిన పప్పులపొడి డబ్బా మూత తీసి ఉంది. అక్క ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసి, చివరికి అడిగిన మాట: "అంత లావు లావుగా తరుగుతున్నాడేందిరా?"

రూము మారే మాట మళ్ళీ రాలేదు.

వాడికి తెలియకుండానే చేసిన ఈ పని, అంటే మనం భయపడే దేశం మనిషిని మామూలుగా ఉన్నప్పుడు ఫోటో తీసి చూపించడం, చాలామంది ఎప్పటినుంచో చేస్తున్నారు. తమాషా ఏమిటంటే అంతకంటే ముందే ఇదే కెమెరా దీనికి పూర్తిగా ఉల్టా పని చేసింది. అక్కడినుంచే మొదలుపెట్టాలి.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు దొరలకు మనం ఏలుతున్న ఈ జనం అసలెవరు అనే బెంగ పట్టుకుంది. దేశమంతా ఫోటోలు తీయించారు. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు, 468 ఫోటోలతో అచ్చయ్యాయి. సంపాదకులు జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే. ఫోటో కింద ఎక్కువగా ఉండేది కులం పేరో తెగ పేరో. ఎదుటివాడి అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పనేముంది? వీళ్ళు నెమ్మదస్తులు, వీళ్ళను నమ్మకూడదు, వీళ్ళది దొంగబుద్ధి అని ఒక్కొక్క గుంపుకీ తీర్పు మాత్రం రాసిపెట్టారు.

ఆ పుస్తకం ఏం చేసిందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ (తర్వాత అలీగఢ్ కాలేజీ పెట్టినాయన) కొడుకులతో లండన్ వెళ్ళినప్పుడు, మన దేశ వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసులో ఇదే పుస్తకం తిరగేస్తున్నారు. అక్కడికొచ్చిన ఒక ఇంగ్లీషు కుర్రాడు ఆ బొమ్మలు చూసి, కొడుకు మహమూద్‌ను "నువ్వూ హిందుస్తానీవేనా" అని అడిగాడు. అబ్బాయి అవునంటూనే సిగ్గుతో ఎర్రబడి, మా పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చారులే అని గబగబా సర్దుకున్నాడు. తండ్రి ఈ సంగతి ఉత్తరంలో రాశాడు. నాకిందులో గుచ్చుకునేది ఇంగ్లీషు కుర్రాడి ప్రశ్న కాదు, మనవాడి జవాబు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళు వేరే, నేను వేరే అనేశాడు.

మన వైపు ఈ పని చేసింది ఎడ్గార్ థర్‌స్టన్, మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. మనుషుల్ని నిలబెట్టి ముక్కు పొడవెంత వెడల్పెంత అని కొలతలు తీసుకున్నాడు, ఫోటోలు తీశాడు, రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. 1911లో 'నేరస్త తెగల' చట్టాన్ని మద్రాసు రాజధానికీ పొడిగించారు, మన ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగల కింద జమకట్టింది ఆ చట్టంతోనే. 1952లో దేశమంతటా చట్టం పోయింది. మా చిన్నప్పుడు ఊళ్ళో కోడి పోయినా మొదట ఎవరి గుడిసె వైపు చూసేవాళ్ళో నాకు బాగా గుర్తుంది.

ఇక ఎదురు తిరిగినవాళ్ళ సంగతి. 1900లో పారిస్‌లో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ అక్కడికి 363 ఫోటోల ఆల్బమ్‌లు పట్టుకెళ్ళాడు. జార్జియా రాష్ట్రపు నల్లవాళ్ళ ఫోటోలు: మంచి బట్టలు వేసుకుని స్టూడియోలో కూర్చున్నవాళ్ళు, ఇంటి ముందు కుటుంబాలు, సొంత దుకాణాలు. కొన్నింటిని చూస్తే పోలీసు రికార్డు ఫోటోలాగే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఉంటాయి. దొరల పద్ధతినే తీసుకుని దాంట్లో దొరబాబుల్లాంటి తనవాళ్ళను కూర్చోబెట్టాడన్నమాట. ఏం తెగువ! కాకపోతే ఆ ఆల్బమ్‌లలో కూడా మనుషుల పేర్లు రాయలేదు.

నాలుగేళ్ళకు, 1904లో, లూయిస్ హైన్ అనే స్కూలు మాస్టారు న్యూయార్క్‌లో ఓడలు దిగే ఎల్లిస్ ఐలాండ్‌కు కెమెరా మోసుకెళ్ళాడు. ఇటలీ వాళ్ళు, రష్యా యూదులు గుంపులు గుంపులుగా దిగుతుంటే ఈ మురికిజనం మన దేశాన్ని పాడు చేస్తుందని పేపర్లు గోల పెడుతున్న కాలం. హైన్ ఆ గుంపులోంచి ఒక్కొక్కరిని ఆపి, ఒడిలో బిడ్డతో తల్లిని, మూట మీద చెయ్యి వేసి నిలబడ్డ ముసలాయనను తీశాడు. ఫోటోలు బాగా పేరు తెచ్చుకున్నాయి, అయినా 1924లో ఆ దేశాల వాళ్ళకే తలుపులు మూస్తూ అమెరికా చట్టం చేసింది. ఫోటోతో మనసులు మారిపోతాయని ఎవరైనా గట్టిగా చెబితే నాకు ఈ ఇరవై ఏళ్ళే గుర్తొస్తాయి.

పారిస్‌లో ఆల్బర్ట్ కాన్ అనే బ్యాంకరు 1909 నుంచి సొంత డబ్బుతో యాభై దాకా దేశాలకు మనుషుల్ని పంపి 72,000 రంగుల గాజు ఫోటోలు తీయించాడు, దేశాలు ఒకదాన్నొకటి చూసుకుంటే కొట్టుకోవని ఆయన నమ్మకం. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1929 షేర్ మార్కెట్ పతనంలో ఆయన దివాలా తీశాడు.

రెండో యుద్ధం అయ్యాక, 1955లో, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫోటోగ్రాఫర్ 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' అని ఫోటోల ప్రదర్శన పెట్టాడు. 68 దేశాల నుంచి 503 ఫోటోలు. పుట్టుక, పెళ్ళి, పని, తిండి, చావు, అన్నీ కలిపి గోడలకెక్కించాడు. తర్వాత అమెరికా ప్రభుత్వమే దాన్ని ఊరూరా తిప్పింది, మన దేశానికీ వచ్చింది. జనం విరగబడి చూశారు. ఫ్రెంచి విమర్శకుడు రోలాండ్ బార్త్ మాత్రం రెండేళ్ళ తర్వాత పుస్తకంలో పెట్టిన వ్యాసంలో కడిగేశాడు: అందరూ పుడతారు అందరూ చస్తారు, నిజమే, కానీ ఎవడు ఎలాంటి ఇంట్లో పుడతాడు, ఎవడు దేనివల్ల చస్తాడు అన్న చరిత్రంతా ఎక్కడ దాచారు? గోడ మీద ఫోటో కింద దేశం పేరుండేది, తీసినవాడి పేరుండేది. ఫోటోలో ఉన్నవాడి పేరే ఉండేది కాదు. మళ్ళీ అక్కడికే వచ్చాం చూడండి.

ఒక జగడం చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. 1961లో అమెరికా పత్రిక 'లైఫ్' తన ఫోటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్‌ను బ్రెజిల్ పంపింది. ఆయన రియోలో కొండ మీది మురికివాడలో ఫ్లావియో అనే జబ్బు పిల్లవాడి కుటుంబాన్ని ఫోటోలు తీశాడు. అమెరికా పాఠకులు కరిగిపోయి డబ్బులు పంపారు, పిల్లవాణ్ణి డెన్వర్‌కు తీసుకెళ్ళి వైద్యం చేయించారు. బ్రెజిల్ వాళ్ళకు మాత్రం ఒళ్ళు మండింది. అక్కడి 'ఓ క్రుజేరో' పత్రిక తన ఫోటోగ్రాఫర్‌ను నేరుగా న్యూయార్క్ పంపి, అక్కడి పేదల ఇంట్లో పురుగుల మధ్య పడుకున్న పిల్లవాణ్ణి తీయించి అచ్చేసింది. మా ఇంటి చెత్త చూపిస్తే మీ ఇంటి చెత్త చూపిస్తాం అని!

మంచి ఉద్దేశంతో తీసినవీ పక్కదారి పడతాయి. 1984లో స్టీవ్ మెక్‌కరీ పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ పిల్లను తీశాడు, 1985 జూన్‌లో అది 'నేషనల్ జియోగ్రాఫిక్' అట్ట మీద ప్రపంచమంతా తిరిగింది. ఆమె పేరు షర్బత్ గులా అని తెలుసుకోవడానికి 2002 దాకా పట్టింది. పదిహేడేళ్ళు ఆ పిల్ల అందరికీ కళ్ళు మాత్రమే. అదే పత్రిక 2018 ఏప్రిల్ సంచికలో, దశాబ్దాల తరబడి తమ కథనాల్లో జాతి వివక్ష ఉందని సంపాదకురాలి సంతకంతోనే ఒప్పుకుంది.

ఫోన్లలో కెమెరాలు వచ్చాక ఆట మారింది. 2010లో న్యూయార్క్ వీధుల్లో కనిపించినవాళ్ళ ఫోటోలతో 'హ్యూమన్స్ ఆఫ్ న్యూయార్క్' బ్లాగు మొదలుపెట్టిన బ్రాండన్ స్టాంటన్ 2012 చివర్లో ఇరాన్ వెళ్ళాడు, 2015లో పాకిస్తాన్, మళ్ళీ ఇరాన్. ఆయన ఫోటోల కిందా పేర్లు తక్కువే, కానీ ఆ మనిషి మాట ఉంటుంది. పిల్ల చదువు గురించో, పోయిన భార్య గురించో. అది చిన్న సంగతేం కాదు. అదే 2012లో ఐవరీ కోస్ట్‌లో గొడవల తర్వాతి పరిస్థితి మీద రాయడానికి వెళ్ళిన పీటర్ డికాంపో, ఆస్టిన్ మెరిల్, ఆ పనికి పనికిరాని మామూలు దృశ్యాలను ఫోన్లో తీసి ఇంటర్నెట్‌లో 'ఎవ్రీడే ఆఫ్రికా' అనే ఫోటోల పేజీ పెట్టారు. ఇద్దరూ అమెరికా వాళ్ళే. తర్వాత తర్వాత ఆఫ్రికా ఫోటోగ్రాఫర్లే అందులో తమ వీధులు తాము తీయడం మొదలైంది, నా లెక్కలో అసలు మలుపు అదే.

ఇరాన్ మనకెందుకు అనుకునేవాళ్ళకు ఒకటి గుర్తు చేస్తాను. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం ఒలేతలో, మన హైదరాబాదు అబ్బాయి కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. "నా దేశం వదిలి పో" అని అరిచి మరీ కాల్చాడు. తర్వాత పారిపోయి ఇంకో చోట, నేను ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. ఇరానీ ముఖం ఎలా ఉంటుందో వాడికి తెలియదు, తెలుగు ముఖమూ తెలియదు. అక్కడికి పిల్లల్ని పంపిన ఇళ్ళు తిరుపతిలో వీధికి నాలుగుంటాయి.

మా అక్క ఇంటికి వస్తాను. ఆ పాకిస్తానాయన ముల్తాన్ దగ్గరి డ్రైవరు. పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు, అడక్కుండా ఇక్కడ రాయడం బాగుండదని వదిలేస్తున్నా. మొన్న ఆయనే అడిగాడట, నా ఫోటో మీవాళ్ళు చూశారు, మరి మీవాళ్ళ ఫోటో ఏదీ అని. అక్కావాళ్ళు అప్పుడే కొండకు వెళ్ళి వచ్చారు, బావా చిన్నోడూ గుండ్లు చేయించుకున్నారు. స్టూడియోలో గోపురం తెర ముందు నిలబడి తీయించుకున్న ఫోటోనే పంపారు. ఆయన కంగారుపడి "ఇంట్లో అందరికీ ఏమైంది, ఏదైనా జబ్బా" అన్నాడు. మొక్కు, తలనీలాలు, ఏడుకొండలు, ఇవన్నీ వచ్చీరాని హిందీలో చెప్పడానికి మావాడికి ఒక రాత్రి పట్టింది. మరునాడు పొద్దున ఆయన తన ఫోన్లోంచి పాత ఫోటో వెతికి ఇచ్చాడు, మక్కాలో ఉమ్రా యాత్ర అయ్యాక తీసింది. తెల్లబట్టల్లో, గుండుతో, ఎండకు కళ్ళు చికిలించి.

అక్క రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "మీ నాయన గుండే నున్నగా ఉందిలే, గంధం పూశారు కదా" అంది.