సెరటోనిన్ వివాదం: 'రసాయనాల అసమతుల్యత' నమ్మకానికి పునాది 1980లోనే పడింది

గర్భిణులు వాడే కుంగుబాటు మందులపై 2025 జులై 21న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిపుణులతో ఒక చర్చ ఏర్పాటు చేసింది. పేరుకు తల్లీబిడ్డల భద్రతే ఎజెండా అయినా, పిలుపు అందుకున్నవారిలో లండన్ సైకియాట్రిస్టు జొవానా మాన్‌క్రీఫ్ ఉండటంతో మూడేళ్ల కిందటి గొడవ మళ్లీ రాజుకుంది. చర్చ ఏకపక్షంగా సాగిందని ఆ దేశ ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సంఘం గట్టిగా ఆక్షేపించింది. అంతకు అయిదు నెలల ముందు, ఫిబ్రవరి 13న, పిల్లలకు ఈ కోవ మందులు రాయడంలో ఉన్న ముప్పును పరిశీలించే పనిని అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు ద్వారా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ నేతృత్వంలోని కమిషన్‌కు అప్పగించారు. రాజకీయం చేరాక ఎవరి వాదన ఏమిటో పోల్చుకోవడం కష్టమవుతుంది కనుక, ఈ తగవు ఎక్కడ పుట్టిందో చూడటం అవసరం.

2022 జులైలో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన మాన్‌క్రీఫ్ బృందం, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనానికీ కుంగుబాటుకూ ఉన్న సంబంధంపై అప్పటిదాకా వచ్చిన సమీక్షలను ఒకచోట చేర్చి పరిశీలించింది. మెదడులో సెరటోనిన్ తగ్గడం వల్లే కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 'మాలిక్యులర్ సైకియాట్రీ' పత్రికలో తేల్చి చెప్పింది. వైద్య వర్గాల్లో చాలామంది దాన్ని ఖండించడానికి బదులు, ఇందులో కొత్తేముందని పెదవి విరిచారు. అమెరికా సైకియాట్రిస్టు రొనాల్డ్ పైస్ 2011లోనే, రసాయనాల అసమతుల్యత అన్నది జనంలో చలామణీ అయ్యే కట్టుకథ వంటిదనీ, విషయం తెలిసిన సైకియాట్రిస్టులు ఎన్నడూ దాన్ని గట్టిగా ప్రతిపాదించలేదనీ రాశారు.

ఆ మాట నిజమే అనుకుందాం. అలాంటప్పుడు అమెరికా టీవీ ప్రకటనల నుంచి మన దినపత్రికల ఆరోగ్య పేజీల దాకా, 'మెదడులో రసాయనాల సమతూకం తప్పడం వల్ల' అన్న వాక్యం ఒక తరంపాటు అడిగేవారు లేకుండా ఎలా చలామణీ అయింది? మందుల కంపెనీల ప్రచారమే కారణమనే జవాబు తేలికగా దొరుకుతుంది. అందులో సగం నిజముంది. అయితే కంపెనీలు ఆ మాటను అమ్మడానికి వచ్చేనాటికే దాన్ని కొనడానికి ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. ఒకటి పరువు పోగొట్టుకున్న వైద్యవృత్తి. రెండోది బిడ్డ జబ్బుకు నింద మోస్తున్న కుటుంబం. మూడోది తనకేమవుతోందో తెలియక భయపడుతున్న రోగి. ఈ ముగ్గురికీ ఏదో ఒక భరోసా కావలసివచ్చింది. ఫ్రాయిడ్ గురించీ, పిచ్చాసుపత్రుల చరిత్ర గురించీ పాఠకులకు తెలిసినదే కాబట్టి, నేరుగా 1973కు వెళ్దాం.

ఆ ఏడాది జనవరిలో స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రోజెన్‌హాన్ 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మతి స్థిమితంగానే ఉన్న ఎనిమిది మంది, చెవిలో ఏవో గొంతులు వినిపిస్తున్నాయన్న ఒక్క అబద్ధంతో 12 ఆసుపత్రుల్లో చేరగలిగారనీ, చేరాక మామూలుగానే ప్రవర్తించినా దాదాపు ప్రతిచోటా స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ముద్రతోనే బయటపడ్డారనీ దాని సారాంశం. ఆ ప్రయోగం వివరాలు ఎంతవరకు నిజమన్నదానిపై 2019లో తీవ్రమైన అనుమానాలు బయటికి వచ్చాయి గాని, అప్పటికి జరగవలసిన నష్టం ఎప్పుడో జరిగిపోయింది. 1973లోనే డిసెంబరు 15న అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పాలకమండలి స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితా నుంచి తొలగించింది. నచ్చని సభ్యులు పట్టుబట్టడంతో 1974లో సభ్యులందరి ఓటు అడగవలసి వచ్చింది. 58 శాతం మంది తొలగింపును సమర్థించారు. నిర్ణయం న్యాయమైనదే, ఆలస్యంగా వచ్చినదే. కానీ ఏది జబ్బో, ఏది కాదో ఓట్లు లెక్కపెట్టి తేల్చుకునే శాఖ వైద్యంలో మరొకటి లేదన్న సంగతి ఆ రోజు ఊరందరికీ తెలిసిపోయింది.

దానికి తోడు, ఒకే రకం రోగులను న్యూయార్క్ వైద్యులు స్కిజోఫ్రీనియా అంటుంటే లండన్ వైద్యులు ఎక్కువగా మరో పేరు పెడుతున్నారని రెండు దేశాల ఉమ్మడి పరిశోధన అప్పటికే తేల్చింది. ఫ్రాయిడ్ బాటలో ఏళ్ల తరబడి మాటలతో సాగే మనోవిశ్లేషణకు, ఫలానా జబ్బని గట్టిగా చెప్పలేని చికిత్సకు, డబ్బు కట్టడానికి బీమా కంపెనీలు వెనకాడసాగాయి. పరువు సంగతి అలా ఉంచితే, పూట గడవడమే ప్రశ్నగా మారిన దశ అది.

ఈ స్థితిలో, 1974లో, మానసిక జబ్బుల జాబితా అయిన డీఎస్ఎం పుస్తకాన్ని తిరగరాసే బాధ్యత కొలంబియా విశ్వవిద్యాలయ సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్ చేతికి వచ్చింది. అంతకుముందు 1968లో వచ్చిన రెండో కూర్పు, డీఎస్ఎం-2, 134 పేజీల చిన్న పుస్తకం. స్పిట్జర్ బృందం తెచ్చిన డీఎస్ఎం-3 1980లో 494 పేజీలతో, 265 జబ్బులతో వెలువడింది. పేజీల పెరుగుదల కన్నా పద్ధతిలో వచ్చిన మార్పే పెద్దది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు 1972లో ప్రకటించిన నమూనాను అనుసరించి, ప్రతి జబ్బుకూ లక్షణాల పట్టిక ఇచ్చారు. ఉదాహరణకు కుంగుబాటు సంగతి: మనసు దిగులుగా ఉండాలి, ఆకలి, నిద్ర, నిస్సత్తువ, అపరాధ భావన, చావు ఆలోచనలు వంటి ఎనిమిది లక్షణాల్లో కనీసం నాలుగు రెండు వారాలపాటు కనిపించాలి. అప్పుడు అది జబ్బు. నాలుగే ఎందుకు, రెండు వారాలే ఎందుకు అంటే, ఏ రక్తపరీక్షా, ఏ స్కానూ ఆ గీత గీయలేదు; బల్ల చుట్టూ కూర్చున్నవారు ఒక మాట అనుకున్నారు, అంతే. అది ఏకాభిప్రాయంతో పెట్టుకున్న గీతేనని స్పిట్జర్ స్వయంగా ఒప్పుకున్నారు.

ఈ పద్ధతితో ఒక లాభం తప్పకుండా కలిగింది. వేర్వేరు ఊళ్లలోని ఇద్దరు వైద్యులు ఒకే రోగికి ఒకే పేరు పెట్టే అవకాశం పెరిగింది. అయితే ఇద్దరి మాట కలవడం వేరు, ఆ పేరుకు తగిన వ్యాధి శరీరంలో ఉందని రుజువు కావడం వేరు. ఒకే పంచాంగంతో జాతకం వేసిన ఇద్దరు సిద్ధాంతులు ఒకే కుజదోషం చెబుతారు; దోషం ఉందనడానికి అది సాక్ష్యం కాదు. ఈ తేడాను తిరిగి ఎత్తిచూపినది బయటి విమర్శకుడు కాదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ డైరెక్టరుగా ఉన్న థామస్ ఇన్సెల్ 2013 ఏప్రిల్‌లో, డీఎస్ఎం జబ్బులు లక్షణాల గుంపులపై కుదిరిన ఏకాభిప్రాయమే తప్ప ప్రయోగశాల కొలతలపై ఆధారపడినవి కావని, దాని బలహీనత అక్కడే ఉందని రాశారు.

మలుపు 1980లోనే ఉందనడానికి మరో కారణం ఉంది. జబ్బుకు కారణం ఏమిటన్న ప్రశ్నకు డీఎస్ఎం-3 చాలామటుకు తెలిసి తెలిసి జవాబివ్వలేదు. మనోవిశ్లేషణ వాదులకూ, మెదడు వాదులకూ మధ్య రాజీ కుదరాలంటే అంతకన్నా దారి లేదు. మనసు లోపలి సంఘర్షణే కారణమని సూచించే 'న్యూరోసిస్' అన్న మాటను తొలగించడానికి మనోవిశ్లేషకులు ఒప్పుకోకపోతే చివరికి దాన్ని బ్రాకెట్లలో ఉంచి ముద్రించారు. ఎంతటి బేరసారాల మధ్య ఆ పుస్తకం పుట్టిందో ఆ బ్రాకెట్లే చెబుతాయి. కారణాన్ని వదిలేయడంతో పాటు సందర్భాన్నీ వదిలేశారు. భర్త వదిలేసినా, కొలువు ఊడినా, అప్పుల పాలైనా పట్టికలోని లక్షణాలు లక్షణాలే. ఒక్క చావు దుఃఖానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1994 నాటి కూర్పు ఆ మినహాయింపును రెండు నెలలకు కుదించింది. 2013 నాటి డీఎస్ఎం-5 దాన్ని పూర్తిగా తీసివేసింది. మన దగ్గర ఏడాది మైల పాటించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయని గుర్తు చేసుకుంటే, రెండు వారాల గీత ఎంత బిగుతైనదో అర్థమవుతుంది.

పేరు ఖాయమైంది, కారణం గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఎక్కువకాలం నిలవలేదు. నిలవకపోవడానికి కుటుంబాల పాత్ర కూడా ఉందని విమర్శకులు తరచూ మరచిపోతారు. 1948లో మనోవిశ్లేషకురాలు ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ బిడ్డకు స్కిజోఫ్రీనియా తెచ్చిపెట్టే తల్లి అన్న భావనను ప్రవేశపెట్టాక, అమెరికా తల్లులు మూడు దశాబ్దాలపాటు వైద్యుల గదుల్లో నిందితులుగా కూర్చున్నారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో, స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకుల తల్లులు హారియెట్ షెట్లర్, బెవర్లీ యంగ్ 1977లో కలిసి మాట్లాడుకున్న ఒక పూట భోజనం నుంచి, 1979లో జాతీయ స్థాయి కుటుంబాల సంఘం 'నామీ' పుట్టింది. ఇది మెదడు జబ్బు, మా పెంపకం తప్పు కాదు అన్నది ఆ సంఘం ప్రాణం. పెంపకం బాగాలేదనీ, ఎవరో చేతబడి చేశారనీ చుట్టాల నోట విన్న ఏ తెలుగు తల్లికైనా ఆ మాట ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. అదే సంఘానికి 2006-08 మధ్య మందుల కంపెనీలు దాదాపు 2.3 కోట్ల డాలర్లు ఇచ్చాయనీ, విరాళాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు అవేననీ 2009లో సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ విచారణలో బయటపడింది. ఊరట నిజమైనదే, దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నదీ నిజమే.

ఖాళీ గడిలో రాయడానికి కారణం ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. దాని మూలం మన దేశపు సర్పగంధ వేరులో ఉంది. ఆ వేరు నుంచి 1952లో వేరుచేసిన రెసర్పిన్‌ను రక్తపోటుకు వాడినప్పుడు కొందరు రోగులు కుంగిపోయారని వైద్యులు గమనించారు. అది జంతువుల మెదడులో సెరటోనిన్‌ను హరిస్తుందని 1955లో తేలింది. ఈ రెంటినీ ముడివేస్తే సిద్ధాంతం తయారవుతుంది. అదే 1955లో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో డేవిస్, షెపర్డ్ జరిపిన పరీక్షలో, ఆందోళనతోనూ కుంగుబాటుతోనూ ఉన్నవారికి రెసర్పిన్ మేలు చేసింది. కథకు అడ్డువచ్చే ఆ ఫలితాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1965లో నోరెపినెఫ్రిన్ అనే మరో మెదడు రసాయనం గురించి జోసెఫ్ షిల్డ్‌క్రాట్, 1967లో సెరటోనిన్ గురించి అలెక్ కాపెన్ రాసిన వ్యాసాల్లో ఇదంతా ఊహగానే, జాగ్రత్తలతోనే ఉంది.

1987 డిసెంబరులో అమెరికాలో సెరటోనిన్‌పై పనిచేసే కుంగుబాటు మందు ప్రోజాక్‌కు అనుమతి రావడం, 1997లో టీవీలో మందుల ప్రకటనలకు నిబంధనలు సడలడం, ఈ రెండూ కలిసి ఆ జాగ్రత్తలను చెరిపేశాయి. అదే కోవకు చెందిన జోలాఫ్ట్ ప్రకటనలో దిగులుగా దొర్లే గుడ్డు ఆకారపు తెల్లటి బొమ్మ ఒకటి ఉంటుంది. కారణం తెలియదని ఒక ముక్క, నాడీకణాల మధ్య రసాయనాల అసమతుల్యత కావచ్చని మరో ముక్క చెప్పి, ఆ వెంటనే ఈ మందు ఆ అసమతుల్యతను సరిచేస్తుందని ఖాయంగా ముగిస్తారు. 'కావచ్చు' నుంచి 'సరిచేస్తుంది'కి దూకడానికి రెండు వాక్యాలు చాలాయి. ఈ ప్రకటనలకూ శాస్త్ర గ్రంథాలకూ పొంతన లేదని లాకాస్, లియో అనే ఇద్దరు పరిశోధకులు 2005లోనే చూపించారు. అది కట్టుకథేనని తెలిసిన సైకియాట్రిస్టుల సంఘాలు ఆ సమయంలో టీవీ మీద ఫిర్యాదుకు దిగిన దాఖలాలు పెద్దగా లేవు.

మందులను సమర్థించే అవతలి పక్షం చెప్పేది ఇది. కారణం తెలియకపోయినా మందు పనిచేయవచ్చు. 522 పరీక్షలను, 1,16,477 మందిని లెక్కలోకి తీసుకున్న 2018 నాటి లాన్సెట్ వైద్య పత్రిక సమీక్షలో 21 మందులూ ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగ్గా పనిచేశాయి. మాన్‌క్రీఫ్ వాదన విని రోగులు ఒక్కసారిగా మందులు మానేస్తే ప్రాణాలకే ముప్పని వారి ఆందోళన, అది న్యాయమైనదే. మానసిక వైద్యాన్ని తప్పుపట్టినవారి సావాసం కూడా అంత పవిత్రమైనది కాదు: మానసిక వ్యాధి అన్నదే మిథ్య అని 1960లో రాసిన థామస్ సాజ్, 1969లో సైంటాలజీ మతసంస్థతో కలిసి ఒక మానసిక వైద్య వ్యతిరేక సంఘాన్ని స్థాపించారు.

రసాయనాల అసమతుల్యత అన్న నమ్మకం రోగికి ఇచ్చిందన్న భరోసా ఎంతటిదో 2014లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం తేల్చింది. కుంగుబాటు అనుభవించినవారి బుగ్గ లోపలి నుంచి నమూనా తీసుకున్నట్టు నటించి, కొందరికి మీ జబ్బుకు రసాయనాల అసమతుల్యతే కారణమని పరీక్షలో తేలిందని చెప్పారు. తమను తాము నిందించుకోవడం తగ్గలేదు. కోలుకుంటామన్న ఆశ తగ్గింది; మాటల చికిత్స కన్నా మందులే మేలన్న నమ్మకం పెరిగింది. పేరు దొరికిందన్న స్థిమితం, నా చేతుల్లో ఏమీ లేదన్న నిస్సహాయత ఒకే చీటీ మీద వస్తాయన్నమాట.

నేటి వివాదంలో రోగి నలుగుతున్నది కూడా ఇక్కడే. షుగరు రోగికి ఇన్సులిన్ ఎలాగో నీకు ఇది అలాగని చెబితే విని పదేళ్లుగా మాత్ర వేసుకుంటున్న మనిషికి, ఆ పోలిక నిలవదని తేలాక ఎవరూ కబురు పంపలేదు. మానబోయినప్పుడు వచ్చే తలతిరుగుడు, కరెంటు కొట్టినట్టు ఉండే జలదరింపులు, నిద్రలేమి పాత జబ్బు తిరగబెట్టడమేనని చాలాచోట్ల చెప్పి పంపేవారు. 2019లో లండన్ పరిశోధకులు మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ లాన్సెట్ సైకియాట్రీలో మోతాదును నెలల తరబడి కొద్దికొద్దిగా దించాలని వాదించారు. అదే ఏడాది బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్, ఆ బాధలు కొందరికి తీవ్రంగానూ దీర్ఘంగానూ ఉంటాయని ఒప్పుకుని తన పాత వైఖరి మార్చుకుంది. 2020లో, మాత్రను ఏ మెట్టులో ఎంత తగ్గించాలో అంకెలతో చూపే కరపత్రం విడుదల చేసింది. ఎందరికి ఈ బాధలు వస్తాయన్నదానిపై లెక్కలు ఇంకా కలవడం లేదు: ఉత్తుత్తి మాత్ర మానినవారిలోనూ కనిపించేవాటిని తీసివేస్తే సుమారు 15 శాతమని 2024 నాటి సమీక్ష అంటే, సగానికి పైగా అని అంతకుముందు బ్రిటన్ పరిశోధకులు అన్నారు. మన రాష్ట్రాల్లో పాత చీటీ చూపి మందుల షాపులో నెలనెలా అదే మాత్ర తెచ్చుకునేవారికి మాత్రం, మానాలన్నా కొనసాగించాలన్నా వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా మోతాదు దించే ఆ పట్టిక తెలుగులో అందాలి.