కాంటా దగ్గర అన్ని పంటలూ ఒకటే

ఉమ్మడి వరంగల్ జిల్లాలో మందులు మానేసిన సాగు ఏ ఆదర్శం కోసమో మొదలవలేదు. అప్పుల భయంతో మొదలైంది. 1997-98లో లద్దె పురుగు పత్తిని తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. చాలాచోట్ల మందు అరువిచ్చినాయనే వడ్డీకి డబ్బిచ్చేవాడు, చివరికి పత్తి కొనేదీ ఆయనే. ఆ ఏడాది రైతుల ఆత్మహత్యలతో జిల్లా పేరు దేశమంతా వినిపించింది.

వేప కషాయాలు, ఎర పంటలు, మగ పురుగుల్ని ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టల వైపు రైతులు మళ్లింది ఆ దెబ్బ తర్వాతే. లింగాల ఘనపురం మండలంలోని ఏనెబావి 2006లో రసాయనాల్లేని ఊరుగా ప్రకటించుకుంది. మహిళా సంఘాల ద్వారా ప్రభుత్వమూ పురుగుమందుల్లేని సాగును ప్రోత్సహించింది. అయితే రైతుకు చెప్పిన లాభం ప్రధానంగా ఒక్కటే: ఖర్చు తగ్గుతుంది. ధర పెరుగుతుందన్న హామీ ఎవరివ్వగలరు?

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో వ్యాపారి పత్తికి తేమ, పింజ (దూది పోగు పొడవు) చూస్తాడు. మిర్చికి రంగు, తాలు చూస్తాడు. నేలలో ఏం వేశారో, ఏం కొట్టారో అడగడు. వడ్ల మద్దతు ధరలోనూ గ్రేడ్-ఎ, సాధారణ రకం అన్న తేడాయే తప్ప పండించిన తీరుకు లెక్క లేదు. పత్తిలో ఇంకో చిక్కు. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక కొన్నేళ్లకే చేలన్నీ అవే. సేంద్రియ పత్తికి బీటీ పనికిరాదు, బీటీ కాని విత్తనం దొరకడమే గగనమైంది.

2015లో వచ్చిన కేంద్ర సేంద్రియ సాగు పథకం పరంపరాగత్ కృషి వికాస్ యోజనతో, పంట సేంద్రియమేనని చెప్పే పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) ధ్రువీకరణ ఊళ్లకు చేరింది. ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకునే పద్ధతి ఇది, చిన్న రైతుకు తేలిక. కాగితమైతే వచ్చింది కానీ, కొనేవాళ్లను వెతుక్కుంటూ హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. పది బస్తాలకు ఆటో, లారీ కిరాయిలు పోతే అదనపు ధరలో మిగిలేదెంత?

నా ఉద్దేశంలో అసలు కొనుగోలుదారు దగ్గర్లోనే ఉన్నాడు. 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు రాష్ట్రం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. తనకు కావాల్సిన పంటకు ప్రభుత్వం ఎక్కువ ధర పెట్టగలదని తేలిపోయింది. గురుకులాలు, అంగన్‌వాడీలకు ఏటా బియ్యం, పప్పు కావాల్సిందే. అందులో కొంతైనా పీజీఎస్ సంఘాల దగ్గర నాటుకు ముందే ఖాయం చేసిన ధరకు తీసుకుంటే, దిగుబడి తగ్గే తొలి రెండు మూడేళ్లు రైతు తట్టుకుంటాడు.