యురేకా తిరుగుబాటు: కాల్పులు ఆగాక కోర్టులో ఏం జరిగింది?

యురేకా అంటే ఆస్ట్రేలియాలో, అప్పటి బ్రిటిష్ కాలనీ విక్టోరియాలోని బల్లారట్ దగ్గర, బంగారం తవ్వేవాళ్లు లైసెన్సు ఫీజుల మీద లేచిన తిరుగుబాటు. ఆ పాఠం చెప్తుంటే క్లాసులో అందరికీ 1854 డిసెంబర్ 3న సైనికులకూ వాళ్లకూ మధ్య జరిగిన కాల్పుల కథే కావాలి. లీగల్ హిస్టరీ చెప్పేదాన్ని కాబట్టి నాకు ఆ ముందూ వెనకా కాగితాల మీదే మోజు. అపోహలు పుట్టేది కూడా అక్కడే.

అపోహ: రక్తం పారాకే ప్రభుత్వం గనులవాళ్ల ఫిర్యాదుల మీద విచారణ కమిషన్ వేసింది.

వాస్తవం: గవర్నర్ హోథమ్ కమిషన్ వేసింది నవంబర్ 16న, కాల్పులకు రెండు వారాల ముందే. అక్టోబర్‌లో స్కోబీ అనే గనికార్మికుడు హత్యకు గురైతే, ఆ ఆరోపణ ఎదుర్కొన్న హోటల్ యజమాని బెంట్లీని స్థానిక మేజిస్ట్రేట్లు వదిలేశారు. జనం ఆ హోటల్ తగలబెట్టారు. తర్వాత బెంట్లీకి మెల్‌బోర్న్‌లో మూడేళ్ల శిక్ష పడింది, మేజిస్ట్రేట్ డ్యూస్ ఉద్యోగం ఊడింది. అయినా నవంబర్ 30న అధికారులు, తవ్వేవాళ్ల దగ్గర లైసెన్సు ఉందో లేదో చూసే తనిఖీలకు మళ్లీ దిగారు. కమిషన్ వేసి, తనిఖీలు ఆపకపోతే ఎవరు నమ్ముతారు?

అపోహ: దొరికినవాళ్లందరికీ కఠిన శిక్షలు పడ్డాయి.

వాస్తవం: పట్టుకున్నది వందమందికి పైగా, రాజద్రోహం కేసు పెట్టింది 13 మంది మీద. శిక్ష పడింది ఒక్కరికీ లేదు. ముందుగా బోనెక్కిన జాన్ జోసెఫ్ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతీయుడు. జ్యూరీ నిర్దోషి అనగానే కోర్టు హాలు హోరెత్తింది. ఆ కేకలకు ఇద్దరు వారం రోజులు జైలుకెళ్లారు, జోసెఫ్‌ని మాత్రం జనం కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించారు. లాయర్లు ఫీజు తీసుకోలేదు. నన్నడిగితే సర్కారు ఓడింది అభియోగం ఎంచుకున్న రోజే. నేరం రుజువైతే ఉరి. రాణిగారి మీద యుద్ధమే చేశారని ఏ జ్యూరీ అంత తేలిగ్గా ఒప్పుకుంటుంది? జనవరిలోనే కమిషన్ క్షమాభిక్ష పెట్టమంది, హోథమ్ వినలేదు. రాతలకు మాత్రం శిక్ష పడింది: బల్లారట్ టైమ్స్ సంపాదకుడు సీక్యాంప్ జైలుకెళ్లాడు.

అపోహ: నాయకుడు పీటర్ లాలర్ పట్టుబడ్డాడు.

వాస్తవం: లేదు. ఎడమ చెయ్యి పోయింది, తలకు 200 పౌండ్ల వెల కట్టారు. 1855 నవంబర్‌లో అదే మనిషి విక్టోరియా శాసనమండలిలో కూర్చున్నాడు.

అపోహ: కమిషన్ నివేదిక అందరికీ న్యాయం చేసింది.

వాస్తవం: 1855 మార్చి నివేదిక తర్వాత ఏడాదికి 8 పౌండ్ల లైసెన్సు పోయి ఏడాదికి ఒక్క పౌండ్ 'మైనర్స్ రైట్' (బంగారం తవ్వుకునే హక్కు పత్రం) వచ్చింది, దాంతోపాటు ఓటూ వచ్చింది. కానీ చైనీయుల రాకను కట్టడి చేయమన్నదీ ఆ నివేదికే. ఆ ఏడాదే విక్టోరియా రేవుల్లో ఓడ దిగే చైనీయులకు తలకు 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోడానికి వేలమంది పక్క కాలనీ సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కణ్నించి వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు.